వైద్యుడి మైనపు అంగీ

జెనోవా రేవువీధిలో దర్జీ బార్నబా ఇల్లు. ఊళ్ళో మహమ్మారి పాకుతున్న ఎండాకాలం. బయటికెళ్ళిన భార్య పెల్లెగ్రా అప్పుడే గుమ్మం దాటి లోపలికొచ్చింది.

“మళ్ళీ అడుగుతున్నాను. ఎక్కడికెళ్ళావు?”

“చెప్పాగా. వెనిగరుకి.”

“వెనిగరుకా. సీసా ఏదీ?”

“దొరకలేదు. ఊరంతా దానికే ఎగబడుతుంటే మనదాకా ఎక్కడ మిగుల్తుంది? జరుగు, పొయ్యి వెలిగించాలి.”

“వెనిగరు దొరకలేదు గానీ కర్పూరం దొరికినట్టుందే. నీ తలంతా అదే వాసన.”

“ఊరంతా అదే వాసన, బార్నబా.”

“ఊరంతా కాదు. ఓబెర్తో వైద్యుడి ముక్కు తొడుగులో వాసన అది. కొలతలకొచ్చిన రోజు ఆ గద్దముక్కుని ఈ బల్లమీదే పెట్టాడుగా. నువ్వు చేత్తో నిమిరి మరీ చూశావు.”

“తోలు ఎలా కుట్టారో చూశాను.”

“మంచినీళ్ళు కూడా ఇచ్చావు. ఆయన అడిగాడా? అడగలేదు.”

“ఎండనపడి వచ్చిన మనిషయ్యా.”

“నేనూ రోజూ ఎండనపడే వస్తాను. పోనీ, ఇది చెప్పు. నిన్న ఆయన గుమ్మంలోంచి దిగుతుంటే నిన్ను పక్కింటి లుకీనా చూసిందిట.”

“లుకీనాకి కళ్ళు సరిగా ఆనవు.”

“నీ ఎర్ర శాలువా ఆనడానికి కళ్ళెందుకే? వెళ్ళావా, లేదా?”

“వెళ్ళాను.”

“ఎందుకు?”

“అంగీ సరిపోయిందో లేదో కనుక్కుందామని.”

“కుట్టింది నేను, కనుక్కోడానికి నువ్వు. బాగుంది. ఏమన్నాడేం?”

“బాగుందన్నాడు. పాతది పెచ్చులూడిపోయిందిట. అయినా దాని పుణ్యానే ఇన్నాళ్ళు బతికానన్నాడు. నల్లులూ మిన్నల్లులూ పట్టు దొరక్క జారిపోతాయిట.”

“ఇవన్నీ నిలబడి చెప్పాడా, కూచోబెట్టి చెప్పాడా?”

“బార్నబా.”

“మా నాన్న కాలంలో వైద్యులు ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు ఫ్రాన్సు నుంచి దిగింది ఈ వేషం. కాళ్ళదాకా మైనం పట్టించిన నారగుడ్డ, చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు. లోపలున్నదెవరో కట్టుకున్న పెళ్ళానికి కూడా తెలీదు.”

“ఆయనకి పెళ్ళాం లేదు.”

“ఓహో. అదీ తెలుసన్నమాట.”

“ఊరందరికీ తెలుసు.”

“సరే. నవ్వమను. నీళ్ళు తాగుతూ నిన్ను చూసి ఎలా నవ్వాడో అలాగే నవ్వమను. ఎన్నాళ్ళు నవ్వుతాడో నేనూ చూస్తాను.”

“అంటే?”

“ఏం లేదు. పొయ్యి వెలిగించు.”

“అంటే ఏమిటి?”

“గుడ్డకి మైనం పట్టిస్తే సరిపోదు. కుట్లమీద మళ్ళీ వేడిమైనం పుయ్యాలి. లేకపోతే సూది దిగిన ప్రతి బెజ్జమూ తెరిచిన తలుపే.”

“పూశావుగా. ఆ పొగకి నాకు తలనొప్పొచ్చింది.”

“పూశాను. ఒక్కదానికి తప్ప.”

“మర్చిపోయావా?”

“కుట్టు నేను మర్చిపోతానా?”

“ఏ కుట్టు, బార్నబా?”

“ఎడమ చంక కిందిది. ఎవరికీ కనపడదు.”

“నన్నొక్క మాట అడిగుంటే పోయేది కదయ్యా.”

“అడిగితే చెప్పేదానివా? ఇవాళ అడిగితే వెనిగరన్నావు.”

“మా అమ్మ నెర్వీ ఊళ్ళో లేదు.”

“ఇప్పుడు మీ అమ్మ సంగతెందుకు?”

“అక్క ఇంటికెళ్ళిందని నీకు అబద్ధం చెప్పాను. గజ్జల్లో గడ్డ లేస్తే ఊరవతల రోగుల కొట్టాలకి ఈడ్చుకుపోయారు. నీకు చెబితే వెళ్ళనివ్వవు. వీధికి తెలిస్తే మన తలుపుకి చెక్కలు కొట్టేస్తారు. అందుకని ఆయన గుమ్మం ఎక్కాను. అమ్మని ఒక్కసారి చూపించమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇవాళ వెళ్ళింది కబురు కోసం. తెల్లారకముందే పోయిందిట.”

“అయ్యో. పెల్లెగ్రా. అయితే… అందుకేనా?”

“అందుకే.”

“ఇంకేం లేదా?”

“ఏముంటుంది? ఉన్నదల్లా నీ బుర్రలోనే ఉంది.”

“ఆగు. ఇప్పుడే వెళ్ళి అంగీ తెస్తాను. మైనం పూసి సాయంత్రానికల్లా ఇచ్చేస్తాను. ఎవరికీ తెలీదు. ఆయనకేం కాదులే.”

“ఆయనకేం కాదు. నిన్న పాతదే వేసుకున్నాడు.”

“మరి కొత్తది?”

“మామూలు బట్టలతో నన్ను రోగుల కొట్టంలోకి రానివ్వనన్నాడు. వద్దండీ, రోజూ తిరిగేవారు, మీకే కావాలి అన్నాను. వింటేనా? ‘వేసుకోమ్మా, మీ ఆయన చేతి కుట్టు. ఇంతకన్నా గట్టి రక్ష ఈ ఊళ్ళో లేదు’ అని తనే నాకు తొడిగాడు.”