గోడవైపు తిరిగిన కొంగ

ఈరోజు జూన్ ముప్పై. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే ఫోన్ మోగింది. నోటినిండా నురగతో అందులో వచ్చింది చదివి నేను పెట్టిన కేకకి మా అమ్మ పాలగిన్నె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆ కేక ఎందుకో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను... ఆగండి, ముందు నమస్కారాలు చెప్పమని ప్రిన్సిపాల్ గారు కళ్లతోనే గదమాయిస్తున్నారు. (నవ్వులు)

సభాధ్యక్షులైన ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, తమ గోడను మా చేతుల్లో పెట్టిన లైబ్రేరియన్ గారికి, మాస్టారిని ఇన్నేళ్లు మాకు వదిలిపెట్టిన ఆయన శ్రీమతి, మా అత్తయ్యగారికి, మిత్రులకు, ఈ సాయంత్రం పదవీ విరమణ చేస్తున్న మా డ్రాయింగ్ మాస్టారికి నమస్కారం.

మాస్టారి క్లాసులో ఒక శిక్ష ఉంది. మాకు కాదు, బొమ్మలకు. ఇంటర్నెట్‌లో ఎన్ని బొమ్మలైనా చూడండి, నచ్చినవాటిని ప్రింటు తీసి బోర్డుకి గుచ్చండి, వాటి ముందు కూర్చుని నేర్చుకోండి అంటారు. కానీ కింద వేసినవాళ్ల పేరుండాలి. పేరు లేని బొమ్మను వెనక్కి తిప్పి, మొహం గోడకి పెట్టి గుచ్చేస్తారు. పేరు దొరికిన రోజే అది మళ్లీ ఇటు తిరుగుతుంది.

లైబ్రరీ బయటి గోడ మీద బొమ్మ వేసే అవకాశం మాకు వచ్చినప్పుడు, తాను వెళ్లేలోపు ఆ గోడ నిండితే చూడాలని మాస్టారు ఆశపడ్డారు. మేం వెతికి వెతికి ఒక కొంగను పట్టుకొచ్చాం. జోరువానలో, మేడ మీది నీళ్ల ట్యాంకు అంచున, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. చూడగానే క్లాసంతా దాని చుట్టూ మూగింది. వేసినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు. మేం తుఫాను అని పిలిచే మా క్లాసువాడు, అదిగో చివరి వరసలో తల దించుకుంటున్నాడే, వాడు ఊరుకోకుండా కింద ‘చిత్రకారుడు: ఇంటర్నెట్’ అని రాసి గుచ్చేశాడు.

“ఇంటర్నెట్ గారికి చేతులెన్నిరా? ఏ చేత్తో వేశారట?” అన్నారు మాస్టారు. (నవ్వులు)

కొంగ గోడవైపు తిరిగింది.

“అందరూ వాడేస్తున్నారు మాస్టారూ! ఇలాగైతే మీరు చూడకుండానే వెళ్లిపోతారు, వేసేద్దాం,” అని బతిమాలాం.

“నేను చూడకపోతే ఏం కాదమ్మా. అడక్కుండా వేస్తే మాత్రం, ఆ గోడ ఎదుట బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా నేను తల తిప్పుకోవాలి,” అన్నారు. ఆశ వదులుకుంటున్నారని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

ఇక మాకు పట్టుదల వచ్చింది. ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఆ కొంగను ఇంకో పేజీ నుంచి తెచ్చుకుంది, అది మరో పేజీ నుంచి. ప్రతిచోటా బొమ్మ అంచు కత్తిరించేశారు. చివరికి కత్తెర పడనిది ఒకటి దొరికింది. దాని మూలన గోరంత గొడుగు గుర్తు! ఆ గొడుగు ఉన్న బొమ్మలన్నీ వెతుక్కుంటూ పోతే, ఒక పళ్ల డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చునే ఆవిడ దగ్గర తేలాం. గోడ మీద వేసుకోవచ్చా అని ఆమెకు రాశాం. జవాబు లేదు. గోడ ఖాళీగానే ఉండగా మాస్టారి చివరి రోజు వచ్చేసింది.

ఆ జవాబే ఈ పొద్దున వచ్చింది! (చప్పట్లు) తుఫానూ, కూర్చో, ఈలలు తర్వాత. చదువుతాను:

“నా కొంగ ఎన్నో గోడల మీద ఉందని తెలుసు. అడిగినవాళ్లు మీరే మొదలు. కౌంటర్లోనే ఏడ్చేశాను, చూసినవాళ్లు పంటినొప్పి అనుకున్నారు. దాన్ని ఉన్నదున్నట్టు దించకండి. మా మేడెక్కి చూసి వేశాను, మీరూ మీ మేడెక్కండి. నా వాన తీసుకోండి, నా బూడిదరంగు తీసుకోండి, పిట్టను మాత్రం మీరే వెతుక్కోండి. కింద మీ పేర్ల పక్కన నా పేరూ రాయండి.”

స్ఫూర్తి అనే మాటంటే నాకు మహా ఇష్టం. కొత్తగా నేర్చుకున్నప్పటి నుంచి ప్రతి వ్యాసంలోనూ ఇరికిస్తున్నాను. దాన్ని కళ్లతో చూసింది మాత్రం ఈ పొద్దునే.

మాస్టారూ, మీ బోర్డును వేదిక మీదికి మోసుకొచ్చాం. కొంగ ఇంకా అటే చూస్తోంది. కింద పేరు రాశాను, నేను చదవను. మీరే వచ్చి తిప్పి, అందరికీ వినబడేలా చదవాలి.

(మాస్టారు వచ్చి బొమ్మను ఇటు తిప్పారు. పేరు చదివారు. సభంతా లేచి నిలబడింది.)

అత్తయ్యగారూ, రేపటి నుంచి పొద్దెక్కేదాకా పడుకుంటానని మాస్టారు మీతో అన్నారట. కుదరదండీ. లైబ్రరీ మేడ తాళం ఇస్తానని లైబ్రేరియన్ గారు మాటిచ్చారు. రేపు పొద్దున ఆరింటికి మేమంతా పెన్సిళ్లు చెక్కుకుని అక్కడ ఉంటాం, మా పిట్ట కోసం.

ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు, సెలవు. మాస్టారూ, ఆరింటికి మెట్ల దగ్గర! పిట్ట దొరికితే వెంటనే గోడ మొదలుపెట్టేస్తాం, పాత చొక్కా వేసుకుని రండి.