అరడుగు బడి

ఆగండి పెయింటరుగారూ, ఆగండి! అయ్యో, మొదటి అక్షరం రాసేశారే! సరే, ఒక్కటేగా, తుడిస్తే పోతుంది. ముందు నిచ్చెన దిగండి. తల పైకెత్తి మాట్లాడలేను, కుస్తీలు పట్టిన మెడ ఇది.

మిమ్మల్ని పిలిచింది మా పొడుగాయనేగా? మా ఆయన దగ్గర అందరికన్నా ముందు చేరిన శిష్యుడు లెండి. "అరడుగు కత్తిసాము బడి" అని రాయమన్నాడు. తెలుసు. నన్నూ అడిగాడు. తల ఊపాను. ఊపక ఏం చెయ్యను?

అసలీ బడికి ఇన్నేళ్ళూ పేరే లేదండీ. ఏమని పెడతాం? మా ఆయన పాతకాలం పుస్తకాల్లో బొమ్మలు చూసి రెండు చేతులా పట్టి తిప్పే పెద్ద కత్తి నేర్చుకున్న మనిషి. నేనేమో మా నాన్న దగ్గర కుస్తీ నేర్చుకున్నదాన్ని. పెళ్ళయ్యాక ఈ గోడౌను అద్దెకు తీసుకుని రెండూ కలిపేశాం. కత్తీ కత్తీ తగిలి ఇరుక్కుందా? ఇంక కత్తి సంగతి వదిలెయ్, మనిషిని పట్టుకో, పడెయ్! అదీ మా చదువు.

కత్తివాళ్ళు మమ్మల్ని చూసి వీళ్ళు కుస్తీవాళ్ళన్నారు. కుస్తీవాళ్ళేమో నాటకాలవాళ్ళన్నారు. ఏ సంఘమూ గడప తొక్కనివ్వలేదు. ఆయన పైకి నవ్వేసేవారు. లోపల మాత్రం ఒకటే బెంగ. ఆస్పత్రి మంచం మీద కూడా అదే మాట, "మనదంటూ ఒక్కటైనా ఉందంటావా?" అని. ఉందనే అన్నాను. ఏమిటది అని అడిగితే, ముందు మందు వేసుకోండి అన్నాను.

ఆయన పోయి ఏడాదైంది. మొన్న కత్తి సంఘం పెద్దాయన తనంతట తనే వచ్చారు. పిల్లల సాధన చూశారు. "కత్తి పుస్తకాలది, పట్లు కుస్తీవి. మరి ఈ అడుగెక్కడిదమ్మా? కుడికాలు వేసి, ఎడమకాలు సగం దాకా ఈడ్చి ఆపేస్తున్నారు. నేనెక్కడా చూళ్ళేదు. ఇదే మీ బడి" అన్నారు. సంఘంలో చేర్చుకుంటాం, పేరు పెట్టుకుని బోర్డు కట్టుకోండి అన్నారు. ఆ సగం అడుగు మీదే 'అరడుగు' అని పేరు పెడదామని పిల్లలు ఎగిరి గంతులేశారు. అంత మనిషి, మా పొడుగాయన, కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ అడుగెక్కడిదో చెప్పనా? మోకాలిది. మా ఆయన ఎడమ మోకాలు అరిగిపోయిందండీ, అంతే! వంగేది కాదు, ఈడ్చేవారు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి, ఇక్కడికి రాగానే నిటారుగా నిలబడేవారు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు. పిల్లలేం చేస్తారు? గురువుగారు ఎలా నడిస్తే అలా నడిచారు. ఆయన చూస్తూ కూడా దిద్దలేదు. దిద్దాలంటే తన కాలి సంగతి చెప్పాలిగా మరి!

నవ్వొస్తోందా? నవ్వండి, పర్లేదు. మొదట్లో నేనూ నవ్వుకున్నాను.

కానీ లోపల పిచ్చుక అని ఒక పిల్ల ఉంది. బక్కపలచగా ఉంటుంది, అందుకే ఆ పేరు. మోకాలికి పట్టీ కట్టుకుని వస్తోంది. నొప్పా అమ్మా అంటే, "అడుగు ఇంకా సరిగ్గా కుదరట్లేదండీ, ఇంకా సాధన చెయ్యాలి" అంటుంది. కుదరకపోవడమేమిటే తల్లీ, అచ్చం ఆయనకి కుదిరినట్టే కుదిరింది కదే!

చెప్పెయ్యొచ్చుగా అంటారు. ఏమని చెప్పను? మీకు సొంతమైంది మీ గురువుగారి కుంటికాలొక్కటే అని చెప్పనా? ఆయన పరువు కోసం ఊరుకున్నాననుకుంటున్నారేమో. నాకు నేనూ అలాగే చెప్పుకున్నాను. అబద్ధమండీ. శుద్ధ అబద్ధం.

ఇదిగో, లోపల పిల్లలు మొదలుపెట్టారు. వినండి. టక్... సర్ర్. టక్... సర్ర్. చెక్కనేల కదా, బాగా వినిపిస్తుంది. నేను వంటింట్లో ఉంటే వెనకనుంచి ఆయన ఇదే చప్పుడుతో వచ్చేవారు. ఇప్పుడు ఇంట్లో ఉండబుద్ధి కాదు. ఇక్కడికొచ్చి ఆ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుంటాను. అమ్మగారు మన అడుగులు పరీక్షిస్తున్నారని పిల్లలు ఇంకా గట్టిగా ఈడుస్తారు. పట్లు నేర్పడం కూడా మానేశానండీ. నేర్పితే ఆ కాసేపూ అడుగులు ఆగిపోతాయి కదా.

ఆ పసిదాని మోకాలు అరుగుతుంటే కూర్చుని విన్నాను. తెలిసే విన్నాను. ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

వెళ్తాను. లోపలికెళ్ళి, ఆపండర్రా అని నేనే చెప్పాలి. ఆయన పోయినప్పుడు నా చేతిలో ఏమీ లేదు, పోయారు. ఇప్పుడు ఆయన్ని నా నోటితోనే పంపించాలి.

ఉండండి, తొందరేముంది? అటు గోడ దాకా వెళ్ళారు, తిరిగి ఇటే వస్తున్నారు. ఇంకొక్కసారి రానివ్వండి. మీరు కాసేపు ఆ నిచ్చెన కదపకండి.