బంతి లేని గోల్‌కీపర్ కార్డు

నడుముకి బెల్టు బిగించి ట్రాక్షన్ మెషీన్ మీద పడుకోబెట్టాక ఇరవై నిమిషాలు మనిషి లేవకూడదు. చాలామంది ఆ ఇరవై నిమిషాలూ కునుకు తీస్తారు. లిఫ్టాయన మాత్రం సరిగ్గా అప్పుడే నోరు విప్పుతాడు. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి, రెండేళ్ళ కింద రిటైరైన మనిషి. నేను ఫిజియోథెరపిస్టుని. మెషీన్లు చూసుకుంటూ ఆయన చెప్పేది వినడం కూడా నా డ్యూటీలో కలిసిపోయింది.

ఆ ఉదయం గదిలో ఇంకో ఇద్దరున్నారు. బేకరీ పెద్దాయన మోకాలి కోసం సైకిల్ తొక్కుతున్నాడు. డ్రాయింగ్ టీచరమ్మ కుడి మణికట్టుకి వేడి మైనం పట్టించుకుని, పైన తువ్వాలు చుట్టించుకుని కూర్చుంది.

టీచరమ్మే ముందు కదిపింది. వాళ్ళ అన్నయ్యకి చూపు బాగా తగ్గిపోయిందట. చిన్నప్పటి నుంచి పోగేసిన ఆటగాళ్ళ కార్డుల ఆల్బం చెల్లెలి చేతిలో పెట్టి, "నేనింక చూడలేను, చూసుకునేవాళ్ళకి అమ్మిపెట్టమ్మా" అన్నాడట. అందులో అన్నిటికన్నా అరుదైన కార్డుకి ఆన్‌లైన్‌లో ఒక బేరం వచ్చింది. కొంటానన్న మనిషి, సైటులో వద్దండీ, కమీషన్ దండగ, నేరుగా నాకు పోస్టులో పంపించండి, అందగానే డబ్బు వేస్తాను అంటున్నాడు. కార్డు కవర్లో పెట్టి తెచ్చుకుంది. ఇక్కణ్ణుంచి తిన్నగా పోస్టాఫీసుకే వెళ్ళాలి.

"పంపొచ్చంటారా?" అంది, ఫలానా వాళ్ళని అని కాకుండా.

పైకప్పు చూస్తూ పడుకున్న లిఫ్టాయన గొంతు సవరించుకున్నాడు. బేకరీ పెద్దాయన తొక్కడం నెమ్మది చేశాడు.

"కార్డుల అమ్మకమా? అడగాల్సిన మనిషినే అడిగారు టీచరమ్మా. నేనేదో ఊడబొడిచేశానని కాదుగానీ, పోయినేడాది ఒకటి అమ్మాను. ఒక్కటే. మా చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో కార్డులొచ్చేవి, అందులోది, ఫుట్‌బాల్ గోల్‌కీపర్ కార్డు. గాల్లోకి ఎగిరి ఇలా చేతులు చాపి ఉంటాడు... చాపకూడదా డాక్టరమ్మా? సరే, చాపను. చేతులు చాపి ఉంటాడు గానీ, అచ్చు వేసినవాడు బంతి వెయ్యడం మర్చిపోయాడు. బంతి లేదు! మరి దేనికి ఎగిరాడో ఆయనకే తెలియాలి. అచ్చు తప్పిన కార్డులకే గిరాకీ కదా. అయితే ఎక్కడ అమ్మాలి? ముందు కనపడ్డ సైటులో పడేసి చేతులు దులుపుకునే రకం కాదు నేను. ఒక సాయంత్రం కూర్చుని మూడు సైట్లు చూశాను. కమీషన్ ఎంత, డబ్బు ముందు వాళ్ళ దగ్గర ఆపి ఉంచుతారా లేదా, గొడవొస్తే ఎవరు తేలుస్తారు, ఇదివరకు అమ్మినవాళ్ళ గురించి కొన్నవాళ్ళు ఏం రాశారు, అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. అంతే. మామూలు పని."

"మంచి పనే," అన్నాడు పెద్దాయన, కాస్త నిరాశగా.

"ఆగన్నా, అప్పుడే తొందరా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? సైటు వాళ్ళ షరతులుంటాయి చూడు, అందరం చదవకుండా 'ఒప్పుకున్నాను' అని నొక్కేస్తామే, అవి నేను చదివాను. నలభై రెండు పేజీలు. మా ఆవిడ భోజనానికి పిలిచి పిలిచి పడుకుంది. పంతొమ్మిదో పేజీలో పట్టేశాను తప్పు. అమ్మినవాడు, కొన్నవాడు తారుమారైపోయారు. ఆ లెక్కన కార్డు తీసుకున్నవాడికే ఎదురు డబ్బివ్వాలి! వాళ్ళకి రాశాను. తెల్లారీ తెల్లారకముందే ఫోను. ఎవరనుకున్నారు? కంపెనీ పెద్ద లాయరు. 'అన్నగారూ, పన్నెండు మంది లాయర్లం ఉన్నాం, పదేళ్ళుగా మా కంట పడలేదు, ఇప్పుడు మా పన్నెండు ఉద్యోగాలూ మీ నోట్లో ఉన్నాయి' అని ఒకటే ఏడుపు. పోన్లే పాపం, పిల్లలు గలవాళ్ళు, ఎవరికీ చెప్పను అని మాటిచ్చాను. ఇదిగో, మీకే చెప్పడం."

"పన్నెండు మందీ ఒకే ఫోన్లో ఏడ్చారా?"

"వంతులవారీగా. ఇంక అప్పుడు కార్డు ఫోటో పెట్టాను. నలుగురు చూస్తారనుకున్నాను, నాలుగు లక్షల మంది ఎగబడ్డారు. సైటు నిలిచిపోయింది. మేనేజరు ఫోను, 'అయ్యా, కాసేపు ఫోటో తీసెయ్యండి, మా కంప్యూటర్ల గదిలోంచి పొగొస్తోంది' అని. తీసేశాను. పొగ తగ్గింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పొగ! చివరికి కుళాయి నీళ్ళు వదిలినట్టు పొద్దున గంట, సాయంత్రం గంట చూపించేట్టు ఒప్పందం కుదిరింది."

టీచరమ్మ నవ్వలేదు. ఆవిడకి కావలసింది వేరే. "మరి మోసం బేరాలు రాలేదా మీకు?" అంది.

"రాకేం? అచ్చం మీకొచ్చినట్టే ఒకడొచ్చాడు. సైటులో వద్దు, నేరుగా పంపండి అని. ఫోను చెయ్యమన్నాను. చేశాడు. 'హలో' అన్నాడు. నేను ఉలకలేదు, పలకలేదు. విన్నాను. ముప్పై ఏళ్ళు లిఫ్టు మోటార్లు విన్న చెవి ఇది, బేరింగు అరిగితే మూడంతస్తుల కిందనుంచే చెప్పేవాణ్ణి, అడగండి కావాలంటే. వాడి ఊపిరిలో ఎక్కడో చిన్న రాపిడి వినపడింది. 'బాబూ, నువ్వు దొంగవి' అన్నాను. అంతే, ఫోన్లోనే బావురుమన్నాడు. చేసిన మోసాలన్నీ ఒక్కొక్కటే పూసగుచ్చినట్టు చెప్పుకున్నాడు, రెండు గంటలు, వాడి ఖర్చు మీదే. ఇప్పుడు వాడెవరనుకున్నారు? అదే సైటులో దొంగల్ని పట్టే విభాగానికి పెద్ద! నెలకోసారి ఫోను చేసి నా బాగోగులు కనుక్కుంటాడు. అందుకే చెబుతున్నాను టీచరమ్మా, ఈ సైట్లూ కమీషన్లూ చెవి లేనివాళ్ళకి. గొంతు వింటే చాలు. మనిషి మంచివాడైతే నేరుగా పంపెయ్యడమే."

టీచరమ్మ మొహం తేటపడింది. "ఆయన గొంతు చాలా మెత్తగా ఉంటుందండీ."

"మెత్తగా ఉందంటే ఇంకేం? మోటారైనా అంతే."

నేను ఆవిడ చేతి మీది మైనం ఒలుస్తూ, ఇంకెవర్నైనా కూడా ఒకమాట అడగండి అన్నాను. "టైము లేదమ్మా. ఇవాళ పంపకపోతే వేరే వాళ్ళ దగ్గర కొనేస్తానన్నాడు," అంది.

అప్పుడే తలుపు తోసుకుని భుజం నొప్పావిడ వచ్చింది. కొత్త పేషెంటు, ఇది రెండో రోజు. గోడకున్న కప్పీ కింద కూర్చోబెట్టి తాడు రెండు చేతులకీ ఇచ్చాను. ఆ గోడ లిఫ్టాయన తలవైపు ఉంది, ఆయనకి కనపడదు. ఆయన ఆగలేదు కూడా.

"అసలు కొన్నాయన ఎవరో చెప్పలేదు కదూ? సముద్రం అవతల మనిషి. కార్డు పంపడం ఎలా? ముందు ప్లాస్టిక్ తొడుగు. దాన్ని రెండు గాజు పలకల మధ్య పెట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, మూత వెల్డింగ్ చేశాను. దాన్ని ఇనప్పెట్టెలో పెట్టాను. పెట్టె కోసం కంపెనీ వాళ్ళు వ్యాను పంపించారు. ఒకటి కాదు, ఏడు. ఆరిట్లో ఖాళీ పెట్టెలు, దేంట్లో ఏముందో డ్రైవర్లకే తెలియదు. ఇక విమానంలో సామాన్ల దగ్గర పడేస్తామంటే నేనూరుకుంటానా? పెట్టెకి సీటు తీసుకున్నాను. కిటికీ పక్క సీటు. పెట్టెకి బెల్టు కట్టారు. విమానం అమ్మాయి వచ్చి 'ఏం తీసుకుంటారు?' అని పెట్టెని మర్యాదగా అడిగిందట."

"ఏం తీసుకుందో?" అన్నాడు పెద్దాయన.

"మంచినీళ్ళు. అసలు కథ ముందుంది, విను. అక్కడ విమానం దిగేసరికి ఎవరొచ్చారో తెలుసా? గోల్‌కీపరే! ఆ కార్డు మీది మనిషే! ఎనభై రెండేళ్ళు, చేతికర్ర. పెట్టె కోసి కార్డు చేతిలో పెట్టారు. అలా చూశాడు, చూశాడు, కర్ర అవతల పారేసి ఎయిర్‌పోర్టు నేల మీద అడ్డంగా ఎగిరి దూకాడు! అదే ఎగురు, అవే చేతులు. లేచి ఏమన్నాడంటే, 'యాభై ఏళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను, ఆ రోజు నా వైపు బంతి రాలేదయ్యా అని. ఎవరూ నమ్మలేదు. ఇదిగో సాక్ష్యం.' అది ఫైనల్ మ్యాచ్‌లో ఫోటో అన్నమాట! ఆ ఒక్క గోలుతోనే వాళ్ళు ఓడిపోయారు. ఫుట్‌బాల్ పెద్దలంతా ఆఘమేఘాల మీద సమావేశమయ్యారు. కార్డు చూశారు. బంతి ఏది? లేదు. బంతి లేకుండా గోలెక్కడిది? కొట్టేశారు! యాభై ఏళ్ళనాటి ఫలితం తిరగబడింది. గెలిచిన జట్టువాళ్ళ ఇంటింటికీ వెళ్ళి పతకాలు వెనక్కి పుచ్చుకున్నారు. కప్పు ఎవరి చేత ఎత్తించాలన్నారు. గోల్‌కీపరు చెప్పాడు, 'నా చేత కాదు, కార్డు పంపినాయన చేత.' విమానం పంపించారు. లక్ష మంది మధ్య కప్పు నెత్తి మీదికి ఎత్తాను. ఆ కప్పు బరువెంతనుకున్నారు? అదిగో, అప్పుడు పట్టేసింది ఈ నడుము."

"మీ ఫారంలో 'బూటు లేసు కట్టుకుంటూ' అని రాశారండీ," అన్నాను.

"ఫారంలో గడి చిన్నది కదమ్మా, కప్పు పట్టలేదు."

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. లిఫ్టాయన గొంతు ఇంకాస్త పెంచాడు. "కాబట్టి టీచరమ్మా, ధైర్యంగా వెళ్ళి పంపెయ్యండి. ఏం కాదు. నా పూచీ."

టీచరమ్మ లేచి నిలబడి, బ్యాగు భుజానికి తగిలించుకుంది.

గోడ దగ్గర కప్పీ తాడు ఆగింది.

"గోధుమరంగు కవరు కదండీ మీరు పంపింది?" అంది భుజం నొప్పావిడ.

లిఫ్టాయన తల వెనక్కి వాల్చి చూడబోయాడు. కుదరలేదు. "ఎవరమ్మా అది?"

"పోస్టాఫీసండీ. రెండో కౌంటరు."

ఆవిడ గొంతు పెంచలేదు, కౌంటర్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"కవరు పట్టుకుంటేనే తెలిసిపోయింది, లోపల అట్టముక్క ఏదో ఉందని. విలువైందైతే రిజిస్టర్ చేయించండి, బీమా కట్టండి అన్నాను. 'అక్కర్లేదమ్మా, అవతల మనిషి మనవాడే' అన్నారు మీరు. మామూలు స్టాంపు అంటించి ఇచ్చారు. తర్వాత మూడు వారాలు రోజూ పదింటికి వచ్చేవారు, చేరిందా అమ్మా అని. రసీదు లేకపోతే మేం వెతకలేమండీ అని నేను రోజూ అదే చెప్పేదాన్ని. ఫోను చేస్తే ఎత్తడం లేదన్నారు ఒకరోజు. ఆఖరి రోజు మీరేమీ అడగలేదు. కాసేపు బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోయారు. మా వాళ్ళంతా అనుకున్నాం, పాపం ఏమైందోనని."

పెద్దాయన కాళ్ళు పెడళ్ళ మీద నిలిచిపోయాయి. లిఫ్టాయన మోచేతుల మీద లేవబోయాడు. బెల్టు వెనక్కి లాగింది. మెషీన్ మీద ఇంకా ఆరు నిమిషాలుంది. మధ్యలో లేపితే నడుముకి మంచిది కాదు, నేను లేపలేదు. ఆయన పైకప్పులో ట్యూబులైటు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"అయితే మీరు అసలు అమ్మనే లేదా?" అంది టీచరమ్మ.

"మూడు సైట్లు చూశానండీ. అది నిజం." ఇందాకటి గొంతు కాదది. "కాగితం మీద రాసుకున్నాను, అదీ నిజం. అంతా సరిగ్గానే రాసుకున్నాను. చేసేటప్పుడు ఒక్కటీ చెయ్యలేదు. కమీషన్ మిగులుతుంది కదా అనుకున్నాను."

"మరిప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"సైటు దాటి రమ్మన్నవాడికి పంపకండి. డబ్బు ముందు సైటు వాళ్ళ దగ్గర పడాలి, పడ్డట్టు మీరు సైటులోకి వెళ్ళి చూసుకోవాలి, వాడు పంపిన మెసేజీ చూసి నమ్మకూడదు. అప్పుడు కార్డు ముందూ వెనకా ఫోటో తీసి, రిజిస్టర్ చేయించి, బీమా కట్టి పంపండి. ఇవాళే పంపాలి అన్నాడూ అంటే, అసలే వద్దు."

టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. మైనం వేడికి ఎర్రబడ్డ చేత్తో ఫోను తీసి, సైటులో అయితేనే అమ్ముతాను, నేరుగా పంపను అని రాసింది. మేమంతా ఆవిడ ఫోను వంకే చూస్తున్నాం. జవాబు రాలేదు. రెండు నిమిషాలకి ఆ మనిషి పేరు పక్కన ఫోటో మాయమైంది. మళ్ళీ మెసేజీ పెడితే వెళ్ళలేదు.

"పోయాడు," అంది టీచరమ్మ. కవరు బ్యాగు అడుక్కి తోసి జిప్పు లాగింది. "అన్నయ్యకి ఏం చెప్పేదాన్నో."

భుజం నొప్పావిడ మళ్ళీ తాడు లాగడం మొదలుపెట్టింది. ఆవిడకి ఇంకా ముప్పై సార్లున్నాయి.

కాసేపటికి లిఫ్టాయన అడిగాడు, ఎటూ చూడకుండా.

"మిమ్మల్ని ఏమని పిలిచేవాడు టీచరమ్మా?"

"అక్కా అనేవాడండీ. ప్రతి మాటకీ అక్కా, అక్కా."

ఆయన నడుము మీది బెల్టు సర్దుకున్నాడు.

"నన్ను బాబాయ్ అన్నాడు," అన్నాడు.