గుమ్మం దగ్గర ఆగిన దొంగ

సభను నడిపిస్తున్న పెద్దాఫీసరుగారికి, వేదిక మీది పెద్దలకు, బూట్లు విప్పకుండానే వచ్చి కూర్చున్న మా ఫైర్ స్టేషన్ మిత్రులకు నమస్కారం. గంట మోగితే నా ప్రసంగం అక్కడితో ఆగిపోతుంది. కొందరు దానికోసమే చూస్తున్నారని నాకు తెలుసు. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్న మా సార్ ధైర్యం గురించి ఇంతసేపూ అందరూ చెప్పారు. నేను బండి డ్రైవర్ని, ఆయన మంటల్లోకి వెళ్తుంటే బయట నిలబడి వీపు మాత్రమే చూసినవాణ్ణి, కాబట్టి ఆయన పిరికితనం గురించి చెప్తాను.

పిలుపులు లేని మధ్యాహ్నాల్లో మేమొక ఆట ఆడతాం. కథ నేను చెప్తాను, తక్కినవాళ్లు అందులో తలో వేషం వేసుకుని తామేం చేస్తారో చెప్తారు, ఫలితం పాచికలు తేలుస్తాయి. అందరూ వీరులూ మాంత్రికులూ అయితే (పంపు ఆపరేటర్‌గారూ, మాంత్రికుడు మీరేగా, నవ్వకండి) సార్ ఏరికోరి పిరికి దొంగ అయ్యారు. రాక్షసుడు దగ్గితే చాలు, "బాబోయ్, మీరు చూసుకోండి" అని ఆ దొంగ కాళ్లకు బుద్ధి చెప్పేవాడు. వాడికి ధైర్యం తెప్పించాలని నేను పడని పాట్లు లేవు. నిధి చూపించాను, రాజ్యమే ఇస్తానన్నాను. చివరికి విసుగొచ్చి, "ఏంటి సార్, మరీనూ" అన్నాను.

"రోజూ ముందు నడిచేది నేనే కదరా. ఇక్కడైనా కాసేపు భయపడనీ" అన్నారు.

ఆ తర్వాత నా కథల్లో ప్రతి గుహకూ వెనక దొంగ పారిపోవడానికి ఒక దారి ఉంచాను.

మొన్న ఆఖరి ఆటలో, దొంగ హాయిగా బతకాలని వాడికో ఇల్లిచ్చాను. సార్ దొంగను గుమ్మంలోనే ఆపి, "లోపల ఎవరున్నారు?" అన్నారు. నిజంగా ఇళ్లు తగలబడినప్పుడు ఆయన మొదట అడిగేదీ అదే, ఎవరూ లేరన్న మాట కోసమే మేమంతా మొక్కుకుంటాం. ఆ అలవాటుతోనే సంతోషంగా, "ఎవరూ లేరు సార్" అన్నాను.

పాచికలు బల్ల మీద పెట్టేసి, "అయితే నేను వెళ్లను" అన్నారు.

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. పోయినేడాది మేడమ్ పోయాక సార్ ఇంట్లో ఒక్కరే ఉంటున్నారని నాకప్పుడు గుర్తొచ్చింది.

సార్, ఆ కథ నేను ముగించలేదు. పొగ నిండిన ఇంట్లోకి ఎవరినీ ఒంటరిగా పంపకూడదని మాకు నేర్పింది మీరే. పొగ లేని ఇంటికీ అదే రూలు. ఆదివారం డ్యూటీ లేనివాళ్లందరం పాచికలు పట్టుకుని మీ ఇంటికొస్తున్నాం, టీ మాత్రం మీరే పెట్టాలి. ఆ గుమ్మం దాటడానికి దొంగ ఎంతసేపు తీసుకున్నా పర్లేదు, మేం వెనకే ఉంటాం.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను, సార్ దగ్గర మాత్రం ఆదివారం దాకానే.