అంత పొడుగు సమాధి

కెంటకీ కొండల మీద లెడ్‌ఫర్డ్ వంశం వాళ్ళ శ్మశానం. రేపు ఆదివారం సమాధులకు పూలు పెట్టే పండగ. ముసలి ఓజెల్లా, ఆమె అన్న కూతురు నోరీన్ సమాధుల మీది గడ్డి చెక్కుతున్నారు. వంశం ఆనవాళ్ళు వెతుక్కుంటూ కెరొలైనా వెళ్ళిన నోరీన్ నిన్ననే తిరిగొచ్చింది. వచ్చినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

“ఛీ.”

“శ్మశానంలో ఛీ అనకూడదే నోరీన్. పెద్దవాళ్ళు వింటారు.”

“వినాలనే అంటున్నానత్తయ్యా. ముఖ్యంగా ఆ మూలనున్న పెద్దమనిషి వినాలి. అబ్సాలం లెడ్‌ఫర్డ్, ఈ లోయలో మొట్టమొదట చెట్టు కొట్టిన మహానుభావుడు.”

“ఆ పార ఇలా ఇయ్యి. ఆయన మొదటి భార్య టెంపరెన్స్ సమాధి నేను చెక్కుతాను. నువ్వు కబుర్లలో పడి గడ్డివేళ్ళు వదిలేస్తావు.”

“వదిలేస్తే ఏం? అందులో టెంపరెన్స్ లేదుగా.”

“మళ్ళీ మొదలెట్టావూ.”

“నిన్న నేను చెబుతుంటే చిక్కుళ్ళు ఒలవాలని లేచిపోయావు. ఇవాళ ఎక్కడికి పోతావు?”

“చిక్కుళ్ళు ఒలవకపోతే రేపు అంతమంది నోళ్ళకి ఏం పెడతాం, నీ వంశవృక్షమా?”

“ఆవిడ కెరొలైనాలో ఉందత్తయ్యా. మట్టిలోనే, కానీ అక్కడి మట్టిలో. పుట్టింటివాళ్ళ చర్చి వెనకాల. రాయి నా చేత్తో తడిమి చూశాను. షానీ తెగ రెడ్ ఇండియన్లు ఆవిణ్ణి నరికి చంపారని మనం తరతరాలుగా ఏడుస్తున్నామే, ఆ ఏడాది తర్వాత ఇంకో నలభయ్యేళ్ళు బతికింది.”

“టెంపరెన్స్‌లు ఊరికొకరు ఉంటారు.”

“అబ్సాలం లెడ్‌ఫర్డ్ భార్య అని రాయి మీద చెక్కిన టెంపరెన్స్‌లు ఉంటారా? పక్కనే పిల్లలిద్దరూ, జోయెల్, కెజియా. ఇదిగో ఇక్కడ తల్లితో కలిపి పూడ్చారని మనం చెప్పుకునే చిన్నపిల్లలే. జోయెల్ డెబ్భై దాటాక పోయాడు.”

“మా అమ్మ చెప్పింది, పిల్లల్ని తల్లి కాళ్ళ దగ్గర పెట్టారని. అందుకే సమాధి ఇంత పొడుగు.”

“మీ అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. ఆవిడకి ఇంకో అమ్మ చెప్పింది. మొదట చెప్పిందెవరు? వాడు.”

“వాడూ వీడూ ఏమిటే, ఏడు తరాల కిందటి పెద్దాయన్ని పట్టుకుని.”

“పెళ్ళాం పిల్లల్ని వదిలి పారిపోయినవాడికి ఏడు తరాలు దాటితే మర్యాద వస్తుందా? మా ఆయన పారిపోయి ఏడాదేగా, ఆయన్నిప్పుడు వాడనొచ్చా?”

“డ్వైట్ ఊసు ఇప్పుడెందుకు.”

“అక్కడ చర్చిలో ఓ పెద్దాయన ఉన్నాడు, లడ్వెల్ ప్రూయిట్ అని. కెజియా సంతతి. నేను కెంటకీ లెడ్‌ఫర్డ్‌ల పిల్లనని చెప్పగానే, నా చేతికివ్వబోయిన కాఫీ వెనక్కి తీసుకున్నాడు.”

“మర్యాద తెలియని మనిషి.”

“మనకు తెలిసి ఏడ్చిందా? విత్తనాల రోజుల్లో, ఇంకా తెల్లారకముందే, అబ్సాలం ఇంట్లో ఉన్న ఒక్క గుర్రాన్నీ విప్పుకుని పోయాడట. మామగారు పెళ్ళికిచ్చిన ఆడగుర్రం. ఆ ఏడాది ఆవిడ కాడి తన భుజానికి తగిలించుకుని నాగలి లాగిందట, వెనకాల జోయెల్ మేడి పట్టుకుంటే. ఇప్పటికీ అక్కడ ఎవడైనా చెప్పాపెట్టకుండా జారుకుంటే, గుర్రానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడంటారు.”

“ఈ పార మొద్దుబారిపోయింది. ఆకురాయి ఎక్కడ పెట్టావు?”

“మాట మార్చకు.”

“మార్చక ఏం చెయ్యమంటావు? రేపు మా వెర్నన్ టెంపరెన్స్ పేర నిలబెట్టిన కొత్త రాయి మీద ముసుగు తీస్తాడు. ఎక్కడెక్కడివాళ్ళో వస్తున్నారు. నా కొడుకు మాట్లాడుతుండగా నువ్వు లేచి, ఆవిడ చావనే లేదంటావు. మొదటావిడ బతికుంటే ఆయన చేసుకున్న రెండో పెళ్ళి పెళ్ళేనా? ఆ రెండో ఆవిడ సంతానమే కదా మనమంతా. ఏమంటారో ఆలోచించావా?”

“అనాల్సిందే అంటారు.”

“అనేసి, భోజనానికి కూర్చోకుండా కార్లెక్కి వెళ్ళిపోతారు. మళ్ళీ రారు. నా తర్వాత ఈ గడ్డి ఎవరు చెక్కుతారే? నువ్వొక్కదానివే చెక్కుతావా?”

“మరి నా కూతురి సంగతి? రేపు నాటకంలో మెర్లీకి టెంపరెన్స్ వేషం. అరుస్తూ కిందపడి చచ్చిపోవాలట. వెర్నన్ మనవడు ఈకలు పెట్టుకుని గొడ్డలి ఎత్తుతాడు. ఆ తర్వాత మగపిల్లలంతా వెళ్ళి అట్టముక్కల షానీ పల్లెని తన్ని పడగొడతారు. జనం చప్పట్లు కొడతారు.”

“చిన్నప్పుడు నువ్వూ పడ్డావు. ఎంత బాగా పడిందో అని అందరూ మెచ్చుకున్నారు.”

“పడ్డాను. కళ్ళు మూసుకుని పడుకుని, చప్పట్లు విని మురిసిపోయాను. వాడి అబద్ధం నమ్మి ఈ చుట్టుపక్కల మగాళ్ళు షానీల నిజమైన పల్లెనే తగలబెట్టారు. లోపల మనుషులున్నారు. ఆ సంగతి కొత్త రాయి మీద గొప్పగా చెక్కించాం. మాటలు రాసిచ్చింది నేనే. ఛీ.”

“కెరొలైనాలో ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదా?”

“లేదు. ఆదివారం భోజనాల దగ్గర వాడికో పళ్ళెం పెట్టేదట, తను పోయేదాకా. పిల్లలడిగితే, గుర్రానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు, వస్తాడు అనేదట.”

“ఛీ.”

“శ్మశానంలో అనకూడదన్నావు.”

“అనకూడదు. ఛీ. పళ్ళెం పెట్టిందా? అక్కడావిడ పళ్ళెం పెడుతుంటే, ఇక్కడ వీడు కొత్త పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని, టోపీ తీసి ఈ మట్టి ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళ చేత అయ్యోపాపం అనిపించుకున్నాడు.”

“వీడు అన్నావు.”

“అంటాను. వాడి సమాధి మీద గడ్డి ఇక నువ్వే చెక్కుకో, నావల్ల కాదు.”

“మరి ఇందులో ఏముందత్తయ్యా? ఖాళీయా?”

“ఖాళీ కాదు.”

“నీకెలా తెలుసు?”

“నా చిన్నప్పుడు మా నాన్న ఈ కంచెకి గుంజ పాతుతుంటే గడ్డపార పుర్రెకి తగిలింది. నేను పక్కనే ఉన్నాను. గబగబా పూడ్చేసి, అమ్మకి కూడా చెప్పొద్దన్నాడు.”

“దేవుడా. ఎవరిని చంపి పెట్టాడు ఇందులో?”

“చంపలేదులే. వయసైపోయి పోయుంటుంది. పళ్ళు బాగా అరిగిపోయున్నాయి.”

“ఇన్నేళ్ళు నోరు మూసుకుని పువ్వులెలా పెట్టావు?”

“ఏమని చెప్పను? చెబితే నవ్వుతారు, లేకపోతే ఏడుస్తారు. కాగితం పువ్వులు చేసి, మైనంలో ముంచి, ఎవరికి పెడుతున్నానో తెలిసే పెట్టాను. నోరీన్, రేపు నువ్వు చెప్పు. మెర్లీని పడనివ్వకు. వెర్నన్ ఎగిరితే వాడి సంగతి నేను చూసుకుంటాను. కావాలంటే ఆ కొత్త రాయిని గుట్ట కిందకి దొర్లించు. ఈ పువ్వులు మాత్రం తియ్యకు.”

“ఎవరికత్తయ్యా ఈ పువ్వులు?”

“ఈ పొడుగు చూసి కూడా అడుగుతావేమే? ఈ కొండ మీద పడుకున్నవాళ్ళలో ఏ పాపమూ ఎరగనిది అదొక్కటే. ఇన్నాళ్ళూ ఎవరి గుర్రమో అనుకున్నాను. టెంపరెన్స్‌ గుర్రమని ఇవాళే తెలిసింది.”