గడుగ్గాయి వెనక వైద్యుడు

ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో మొగుడూ పెళ్ళాలు చెరో ఫోనూ పట్టుకుని ఒకే జట్టులో యుద్ధం ఆడుతున్నారు. ఆటలో ఆయన గాయాలు మాన్పే వైద్యుడు. ఆమె కత్తి పట్టిన యోధురాలు, అప్పటికి మూడోసారి చచ్చింది.

“కట్టుకున్నదాన్ని చావనిచ్చి ఊళ్ళోవాళ్ళకు మందు పోస్తారా?”

“నువ్వు వెనక్కి చూడకుండా ఉరికావు. నీ వెంట వస్తే నేనూ పోతాను. వైద్యుడు పోతే జట్టే పోతుంది.”

“మరి మన జట్టులో ఆ ‘గడుగ్గాయి’ ఉరికితే వెంటపడ్డారే! నిన్నా అంతే, మొన్నా అంతే. ఎవరావిడ?”

“ఎవరో. ఆటలో పరిచయం.”

“ఆడమనిషని నేను ఊరికే అన్నాను. మీరు కాదనలేదు.”

ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మన పిల్లే. దాని పాత నోటుపుస్తకం అట్ట మీద ఈ పేరే రాసుకుంది.”

ఆమె గొంతు తగ్గింది. “చదువు మానేసినందుకు తిట్టానని నాలుగు నెలలుగా నా ఫోనెత్తనిది, మీతో ఆడుతోందా?”

“నేనని దానికి తెలియదు. తెలిస్తే ఇదీ మానేస్తుంది.”

కొత్త ఆట మొదలైంది. ఆమె అరచేత్తో తెర తుడిచింది.

“ఈసారి దాని ముందు నేను నిలబడతాను. దెబ్బలు నాకు తగలనీండి. నన్ను పట్టించుకోకండి, దాన్నే చూసుకోండి.”