ఎవరు తోలినా

మధ్యాహ్నం, భోజనాల వేళ. షెడ్డులో ఇద్దరే ఉన్నారు. బల్ల మీద మూడు గేరుబాక్సులు పెట్టుకుని కూర్చున్న మేస్త్రి, ఆయన కూర్చోమనకపోవడంతో నిలబడే ఉన్న బట్టలు కుట్టే ఆవిడ.

"...ముట్టుకోకమ్మా, ముట్టుకోకు! అది నూనె. చీరకంటితే జన్మలో వదలదు. మళ్ళీ వచ్చి నా మీద పడతావు."

"చీర సంగతి నేను చూసుకుంటాలెండి. ఈ మూడిట్లో ఏది పెట్టాలో చెప్పండి."

"నీకు చెబితే మాత్రం ఏం తెలిసి చస్తుంది? ఇంట్లో మగాళ్ళెవరూ లేరా?"

"తమ్ముడున్నాడు. డ్రైవరే."

"మరి వాణ్ణి పంపించి చావకపోయావా?"

"వాడు గడప దాటడం లేదండీ. తోలుతుంటే చేతికింద గేరుబాక్సు విరిగింది. పనిలోంచి తీసేశారు. గేర్లు వెయ్యడం రానివాడని పేరు పడింది. ఎక్కడ పని అడిగినా వాడికంటే ముందు ఆ పేరే వెళ్ళి కూర్చుంటోంది. మూడు నెలలుగా గోడకేసి చూస్తున్నాడు."

"పడదూ మరి! ఈ డ్రైవర్లంతా ఒకటే బాపతు. గేరు రాడ్డు చేతికిస్తే రోకలనుకుంటారు. దంచుడే దంచుడు!"

"అందుకే మా మరిది పాతకారు వాడికిద్దామని. దాని ఇంజిను ఎప్పుడో పోయింది. ఇప్పుడో టర్బో ఇంజిను దొరికింది. సరైన గేరుబాక్సు పడితే వాడు మళ్ళీ స్టీరింగు పట్టుకుంటాడు. నాకింకేం అక్కర్లేదు."

"టర్బోనా! ఓహోహో! మామూలు బండే తోలలేనివాడికి టర్బో. బాగుంది వరస. ఆటోమేటిక్ పెట్టించెయ్. రెండు పెడళ్ళు. నువ్వు కూడా తోలొచ్చు."

"వద్దండీ. గేర్లు వేసేదే కావాలి. వెయ్యడం వచ్చని వాడికి వాడు నమ్మాలి కదా."

"నమ్మకాలకి గేరుబాక్సులు బిగించను నేను. సరే, ఏ ఇంజిను?"

"జీపుదంట. రెండు లీటర్లది. డీజిలు."

"ఆ మొద్దు ఇంజినా? ఇప్పటికి నలుగురికి ఎక్కించా దాన్ని. కళ్ళు మూసుకుని బిగిస్తా. ఈ చుట్టుపక్కల దాని జోలికెళ్ళేవాడు నేను తప్ప ఇంకోడు లేడు. మిగతా షెడ్లలో ఉన్నవాళ్ళంతా పంచర్లకి ఎక్కువ, మెకానిక్కులకి తక్కువ."

"అందుకే మీ దగ్గరికే వచ్చా. ఇదిగో, ఈ చిన్నది... మా మరిది కారులో ఉన్నదీ ఇలాంటిదే. దాన్నే ఉంచేస్తే?"

"ఏంటీ?"

"అంటే, ఉన్నదే కదా అని..."

"ఉన్నదే కదా అని! విన్నారా, గోడల్లారా! ఇటు రామ్మా. రా. ఇదిగో, మూత తీశా. ఈ పళ్ళు చూడు. ఎంతున్నాయి? నీ చిటికెన వేలి గోరంత. ఇవి పాత ఇంజిను కోసం చేసినవి. అది ముసలి గాడిద, ఎంత కొట్టినా అంతే లాగేది. నీ టర్బో ఉంది చూశావూ, అది గాలి అందుకున్న క్షణంలో రెండింతలు గుంజుతుంది. ఎక్కడ గుంజుతుంది? మూడో గేరులో. ఎత్తు ఎక్కేటప్పుడు. అప్పుడేమవుతుంది?"

"జాకెట్టు కుట్టే దారంతో జీన్సు కుట్టినట్టవుతుంది."

"ఆఁ... పర్లేదే. కుట్టుమిషను భాషలో చెప్పుకుంటే గానీ ఎక్కదన్నమాట. అంతే, పటపటా తెగుతుంది. మూడో గేరు పళ్ళు రాలి పిండైపోతాయి."

"మెల్లగా తోలితే?"

"మెల్లగా తోలేదానికి టర్బో ఎందుకు, రిక్షా కొనుక్కో."

"వాడు మొరటు మనిషి కాదండీ. చెయ్యి మెత్తన."

"చేతిదేముందమ్మా ఇందులో! నీ తమ్ముడు కాదు, నేను తోలినా విరుగుతుంది. వాడి తాత లేచొచ్చి తోలినా విరుగుతుంది. రెండు నెలలో, మూడు నెలలో. అంతకుమించి బతకదు."

"మరి ఈ పెద్దది?"

"అది ఆరు గేర్లది. పెద్దకారుది. చూడ్డానికి సోకు. దీని కడ్డీ నీ ఇంజిను క్లచ్చు ప్లేటులోకి దూరదు. దూర్చినా రోజూ దానికి సేవ చెయ్యాలి. నీలాంటివాళ్ళకి కాదు."

"అయితే మధ్యది."

"అదీ! సామాన్ల ట్రాలీది. అయిదు గేర్లు, ఎనుబోతులా ఉంటుంది. గేరు పడుతుంటే చప్పుడొస్తుంది, రానీ. బరువులు మోసి మోసి రాటుదేలిన ముండాకొడుకు. కాకపోతే కారు అడుగు రేకు కొయ్యాలి, కొత్త షాఫ్టు చేయించాలి. పదిరోజుల పని."

"చిన్నదైతే?"

"చిన్నదైతే ఒక్కరోజు. బోల్టులు వాటంతటవే కూర్చుంటాయి."

"ఒక్కరోజే అయితే, ఎవరో ఒకరు ఈ చిన్నదే పెట్టమని అడుగుతారేమో కదండీ?"

"అడగరా! కార్లున్న దొరలంతా అడిగేది అదే. రేపు సాయంత్రానికల్లా కావాలి మేస్త్రీ అంటారు. మూత ఎత్తితే ఇంజిను తళతళలాడాలి, పదిమందికి చూపించుకోవాలి. కిందకి వంగి చూసే రకాలా? పొట్టలు అడ్డం."

"విరుగుతుందని చెప్పరా మీరు?"

"చెబితే పక్క షెడ్డుకి పోతారు. నాకెందుకు? బిగించి పంపిస్తా."

"మరి విరిగితే?"

"విరిగితే డ్రైవరున్నాడుగా!"

"డ్రైవరు మీదికి తోసేస్తారా?"

"ఏంటమ్మా అలా చూస్తావు? లోకంలో నడిచేదే చెప్పా. దొర తప్పు చెయ్యడు, మేస్త్రి తప్పు చెయ్యడు. మిగిలింది ఎవడు? నువ్వేదో మంచిదానివని చెబుతున్నా."

"మంచిపని చేశారు. అయితే ఆ ట్రాలీదే ఖాయం చేసుకుంటాం. కాకపోతే ఒక చిక్కుంది. మా మరిది తొందర మనిషి. పదిరోజులంటే ఆగడు. చిన్నదే బిగించేద్దాం అంటాడు. నేను చెబితే, నువ్వెళ్ళి మిషను తొక్కుకో అంటాడు."

"అందులో తప్పేముంది?"

"తప్పేం లేదు. అందుకే మీరు రెండు ముక్కలు రాసివ్వండి. మీ మాటంటే నోరెత్తడు."

"ఎత్తడు మరి! ఈ చేతి కింద ముప్పై ఏళ్ళలో ఎన్ని ఇంజిన్లు లేచాయి! బళ్ళో నేర్చుకోలేదు, నూనెలో నేర్చుకున్నా. ఆ పుస్తకం ఇలా అందుకో. రాస్తున్నా. విను. 'ఈ టర్బో ఇంజినుకి చిన్నకారు గేరుబాక్సు పనికిరాదు. పెడితే మూడో గేరు విరుగుతుంది.' అంతేనా?"

"ఎవరు తోలినా అని కూడా రాయండి."

"అదెందుకు మధ్యలో?"

"లేకపోతే నేను జాగ్రత్తగా తోలతాలే వదినా అంటాడు."

"అదీ నిజమే. వెధవలకి అన్నీ అరటిపండు ఒలిచినట్టు చెప్పాలి. 'ఎవరు తోలినా, ఎంత జాగ్రత్తగా తోలినా విరుగుతుంది. అది డ్రైవరు చేతిలో లేదు.' చాలా?"

"సంతకం."

"సంతకం కూడానా? ఇదిగో. తేదీ. ఇదిగో, షెడ్డు ముద్ర కూడా గుద్దా. పటం కట్టించుకుని పూజ చేసుకో. ఇక వెళ్ళు, నా అన్నం చల్లారిపోతోంది."

"వెళ్తా. ఒక్కటి చదివి పెట్టండి. ఇది."

"ఇంకో కాగితమా? ఇటివ్వు."

"ఊహూఁ. నా చేతిలోనే ఉంటుంది. అక్కణ్ణించే చదవండి. మీ రాతేగా, కనబడుతుంది."

"నా రాతేంటి... 'గేరుబాక్సు పరిశీలించాను. అమరికలో లోపమేమీ లేదు. డ్రైవరుకి గేర్లు వెయ్యడం రాక మూడో గేరు...' ఇది... ఇది నీ దగ్గరికెలా వచ్చింది?"

"పనిలోంచి తీసేస్తూ మా తమ్ముడి చేతిలో పెట్టారు."

"అమ్మా, చూడమ్మా... అది వేరు. యజమాని అడిగితే ఏదో రాస్తాం. నువ్వు కూర్చో ముందు. నీకెవరూ కుర్చీ వెయ్యలేదా?"

"వాడి చేతికింద విరిగిన గేరుబాక్సు కూడా చూసొచ్చా, మేస్త్రీ. ఇదే చిన్నది. ఇంజినూ ఆ జీపుదే. నువ్వు ఎక్కించిన నాలుగింటిలో ఒకటి."

"చెల్లెమ్మా, నా మాట విను. ఆ కాగితం ఇలా ఇచ్చెయ్. మనం మనం మాట్లాడుకుందాం."

"ఏ కాగితం?"

"అదే... ఇందాకటిది. కాదు, ఇప్పుడు రాసింది..."

"రెండింటి కిందా ఉన్నది నీ సంతకమే. రెండింటి మీదా నీ ముద్రే. బయట డ్రైవర్లు పదిమంది నాకోసం నిలబడి ఉన్నారు. వాళ్ళని లోపలికి పిలుస్తా. ఈ రెండిట్లో అబద్ధం ఏదో వాళ్ళ ముందు నీ నోటితో చెప్పు, దాన్ని అక్కడే చించేస్తా."